దిగ్బంధం: చేసినవాళ్లు అనరు, అన్నవాళ్లు చేయరు

1914 సెప్టెంబర్ 22 రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు తీరానికి దగ్గరగా వచ్చింది. రేవు పక్కనున్న బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద సెర్చిలైట్ వేసి గుండ్లు కురిపించింది. అరగంటలోపే పని ముగించుకుని చీకట్లో కలిసిపోయింది. ట్యాంకులు తగలబడ్డాయి. మర్నాటి నుంచి జనం మూటాముల్లె సర్దుకుని ఊరొదిలిపోయారు. ఆ సంగతి చెప్పే శిలాఫలకం ఇప్పటికీ హైకోర్టు ప్రహరీ గోడకు ఉంది. బస్సు కోసం దాని పక్కనుంచి పరిగెత్తేవాళ్లకు అది చదివే తీరిక ఎక్కడిది?

జర్మన్లు మద్రాసును దిగ్బంధం చేశారని ఈ కథను చెప్పే పెద్దవాళ్లు మా పెరంబూరులో ఇంకా కనిపిస్తారు. ఎండెన్ ఆ పని చేయలేదు. బంగాళాఖాతంలో ఓడల్ని పట్టింది, ముంచింది, వర్తకుల గుండెల్లో రాయి వేసింది. అయినా ఒక్క ఓడ వచ్చి కొట్టి పారిపోతే దాన్ని దాడి అంటారు. దిగ్బంధం చేసేవాడు వచ్చి పారిపోడు. వాకిట్లో కూర్చుంటాడు. ఎవరు వెళ్లాలో, ఎవరు రావాలో తానే చెబుతాడు. రేపు కూడా అక్కడే ఉంటాడని లోపలివాళ్లకు తెలుసు, దూరం నుంచి వచ్చే మూడో దేశం ఓడకూ తెలుసు. నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ చేతిలో ఎండెన్ కథ ముగిసింది. అప్పటికి మద్రాసు రేవులో రాకపోకలు ఎప్పుడో మొదలయ్యాయి.

భారతంలో దిగ్బంధాన్ని అచ్చంగా చేసి చూపించినవాడు సైంధవుడు. అభిమన్యుణ్ని అతను చంపలేదు. పద్మవ్యూహం ద్వారం దగ్గర నిలబడి, వెనకాల వస్తున్న భీముణ్ని, ధర్మరాజును, నకుల సహదేవులను ఒక్క రోజు లోపలికి పోనివ్వలేదు, అంతే. లోపల జరగాల్సింది దానంతట అదే జరిగిపోయింది. ఏదైనా పనికి ఎవరైనా మోకాలడ్డితే ‘సైంధవుడిలా తగులుకున్నాడు’ అని ఇప్పటికీ అంటాం. అభిమన్యుణ్ని చుట్టుముట్టి కొట్టినవాళ్లు బోలెడుమంది ఉంటే, అర్జునుడు మర్నాడు సూర్యాస్తమయంలోగా తల తీస్తానని శపథం చేసింది మాత్రం దారి కాచినవాడి మీద. ఆ కోపంలో తర్కం ఉంది. సాయం అందకుండా ఆపడం కూడా ఆయుధమేనని వ్యాసుడికి బాగా తెలుసు.

ముట్టడి, దిగ్బంధం ఒకటేనని అనుకుంటే ఈ విషయం ఎప్పటికీ చిక్కుముడిగానే ఉంటుంది. ముట్టడిలో కోట కావాలి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద ఫ్రెంచి సేనాని బుస్సీ సేన, విజయనగరం సేన కలిసి పడ్డప్పుడు ఫిరంగులే మాట్లాడాయి, ఒక్క రోజులో అంతా అయిపోయింది. 1687లో ఔరంగజేబు గోల్కొండ ముందు ఎనిమిది నెలలు కూర్చున్నాడు. వానలకు, కరువుకు, రోగాలకు బయట ఉన్న మొగల్ సేనే అల్లాడిపోయింది, చివరికి లోపలివాడు ఒకడు లంచానికి లొంగి తలుపు తీశాడు. దిగ్బంధానికి కోటతో పని లేదు. గోడ బద్దలు కొట్టక్కర్లేదు, లోపలికి అడుగు పెట్టక్కర్లేదు. తిండి, మందుగుండు, డబ్బు, వార్త వెళ్లే దారి మూస్తే చాలు. చాలాసార్లు రెండూ కలిసే జరుగుతాయి కాబట్టి మనకు ఒకటిగా కనిపిస్తాయి.

ఆ రెంటినీ విడదీసి చూడాలంటే చెన్నైని మించిన చోటు లేదు. 1702లో కర్ణాటక నవాబు దావూద్ ఖాన్ మూడు నెలలకు పైగా సెయింట్ జార్జి కోటకు సరుకులు, వర్తకం రాకుండా భూమి వైపు దారులన్నీ మూశాడు. కోట మీద పడి పోరాడాలన్న ఉద్దేశం అతనికి పెద్దగా లేదు, అతనికి కావలసింది సొమ్ము. అప్పటి గవర్నర్ థామస్ పిట్ బేరమాడి, చివరికి కొంత ముట్టజెప్పి వదిలించుకున్నాడు. 1758 డిసెంబర్‌లో ఫ్రెంచి సేనాని లాలీ వచ్చాడు. ఇతను నల్లపట్నాన్ని, అంటే ఇవాళ్టి జార్జి టౌన్‌ని పట్టుకుని, కోట గోడల మీద రెండు నెలలు గుండ్లు వేయించాడు. అతని తంటా ఏమిటంటే ఫ్రెంచి నౌకాదళం అప్పటికే ఇక్కడి సముద్రం వదిలి మారిషస్ వైపు వెళ్లిపోయింది. మూడు వైపులా కట్టేసి నాలుగో వైపు తెరిచి పెట్టినట్టయింది. 1759 ఫిబ్రవరి 16న ఇంగ్లిషు ఓడలు సహాయంతో వచ్చి తీరం దగ్గర నిలిచాయి. మర్నాటికల్లా లాలీ సేన డేరాలు పీకేసింది.

రెండేళ్లు తిరక్కుండానే ఆట తిరగబడింది. 1760లో ఇంగ్లిషువాళ్లు లాలీని పుదుచ్చేరిలో బిగించారు. భూమి మీద ఇంగ్లిషు సేనాని కూట్ సేన, నీటి మీద ఇంగ్లిషు నౌకాదళం. లోపల తిండి తగ్గుతుంటే లాలీ పట్నంలో ఉన్న స్థానికులను, పోరాటానికి పనికిరానివాళ్లను వందల సంఖ్యలో బయటికి గెంటేశాడు. ఇంగ్లిషువాళ్లు వాళ్లను దాటిపోనివ్వలేదు. వాళ్లు తిరిగి లోపలికి వెళ్తే లోపలి గింజలు త్వరగా అయిపోతాయి కదా, అదీ లెక్క. రెండు సేనల మధ్య మైదానంలో ఆ మనుషులు కొన్ని రోజులు గడ్డీ గాదం ఏరుకుంటూ బతికారు. ఆ తర్వాతే కూట్ దారి విడిచాడు. దిగ్బంధం గురించి చదివిన ప్రతిసారీ నాకు గుర్తొచ్చేది లాలీ, కూట్ కాదు, ఆ మైదానంలో ఉన్నవాళ్లు. ఫ్రెంచివాళ్లతో గానీ ఇంగ్లిషువాళ్లతో గానీ వాళ్లకు ఏ తగువూ లేదు.

1761 జనవరి 1న పెద్ద తుపాను వచ్చింది. ఇంగ్లిషు నౌకలు కొన్ని మునిగాయి, కొన్ని ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, వెయ్యికి పైగా మనుషులు పోయారు. పుదుచ్చేరి ముందు సముద్రం ఒక్కసారిగా ఖాళీ అయింది. లాలీకి ప్రాణం లేచొచ్చి, చుట్టుపక్కల నుంచి పడవల్లో ధాన్యం తెప్పించాలని చూశాడు. కానీ ఇంగ్లిషు అడ్మిరల్ స్టీవెన్స్ మిగిలిన ఓడలతో కొద్ది రోజుల్లోనే మళ్లీ వచ్చి కాపు వేశాడు. అంతటితో ఆగకుండా నాగపట్నంలోని డచ్చివాళ్లకు, తరంగంబాడిలోని డేన్లకు, అంటే డెన్మార్క్‌వాళ్లకు, ఉత్తరాలు రాశాడు. పుదుచ్చేరి ఇంకా దిగ్బంధంలోనే ఉంది, అటు సరుకు పంపితే ఓడను పట్టేస్తాను అన్నది సారాంశం. గుర్రాలు, ఒంటెలు కూడా కోసుకు తిన్నాక, జనవరి నడిమికి పుదుచ్చేరి లొంగిపోయింది.

ఆ ఉత్తరాలు చాలా ముఖ్యం. స్టీవెన్స్‌కు డచ్చివాళ్లతో యుద్ధం లేదు. డేన్లతోనూ లేదు. అయినా వాళ్ల ఓడను ఆపుతానన్నాడు, ముందే చెప్పి మరీ ఆపుతానన్నాడు. దిగ్బంధం అసలు స్వరూపం ఇదే. శత్రువును శత్రువు ఆపడంలో వింతేముంది, యుద్ధమంటేనే అది. ఏ సంబంధమూ లేని మూడోవాడి ఓడను నడిసముద్రంలో ఆపి, సోదా చేసి, వెనక్కి పంపడం, మాట వినకపోతే పట్టుకుని సొంతం చేసుకోవడం, ఇది మామూలు రోజుల్లో ఓడదొంగతనం. దిగ్బంధం ప్రకటించాక అదే పని హక్కవుతుంది. ఇంత పెద్ద హక్కును ఊరికే ఇవ్వకూడదు గనక దానికి షరతులు పుట్టాయి.

ఆ షరతుల్లో మొదటిది 1856 పారిస్ ప్రకటనలో ఉంది. చెల్లాలంటే దిగ్బంధం నిజంగా అమలులో ఉండాలి, ఓడలు తీరానికి చేరకుండా ఆపేంత బలం అక్కడ ఉండాలి. ఇది రాయాల్సిన అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే నెపోలియన్‌ను చూడాలి. 1806 నవంబర్‌లో అతను బెర్లిన్ నుంచి ఒక ఫర్మానా జారీ చేసి బ్రిటిష్ దీవులన్నిటినీ దిగ్బంధించానన్నాడు. అంతకు ఏడాది ముందే ట్రఫాల్గర్ దగ్గర అతని నౌకాదళం చితికిపోయింది. బ్రిటన్ చుట్టూ అతని ఓడ ఒక్కటీ లేదు, ఉన్నదల్లా కాగితం. ఇలాంటివాటికి కాగితపు దిగ్బంధం అనే పేరు అలాగే వచ్చింది. తర్వాత 1909లో లండన్‌లో పెద్ద దేశాలు కూర్చుని రాసుకున్న నియమాల్లో, తుపాను వల్ల ఓడలు తాత్కాలికంగా పక్కకు పోయినంత మాత్రాన దిగ్బంధం ఎత్తేసినట్టు కాదని కూడా చేర్చారు. స్టీవెన్స్ చదివి ఉంటే నవ్వుకునేవాడు. ఆ లండన్ ప్రకటనను ఏ దేశమూ ఆమోదించి అమలులోకి తేలేదు గానీ, అందులోని మాటలు మాత్రం ఆచారంగా నిలిచిపోయాయి.

ఈ నియమంలో ఒక చేదు నిజం ఉంది. బలం చాలని దేశం దిగ్బంధం చేస్తే అది చెల్లదు, బలమున్న దేశం చేస్తే చెల్లుతుంది. మూడోవాడిని కాపాడడానికి పెట్టిన షరతే, పెద్ద నౌకాదళం ఉన్నవాడి చేతికి తాళంచెవి ఇచ్చింది. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ పెద్ద నౌకాదళం ఎవరిదో చెప్పక్కర్లేదు.

పేరు పెడితే హక్కు వస్తుంది, దాంతోపాటు ఖర్చూ వస్తుంది. 1861 ఏప్రిల్ 19న లింకన్ అమెరికా దక్షిణాది రేవులన్నిటినీ దిగ్బంధిస్తున్నట్టు ప్రకటించాడు. దాదాపు 3,500 మైళ్ల తీరం. దక్షిణాదివాళ్లు తిరుగుబాటుదారులు మాత్రమే, వాళ్లది దేశం కాదు అన్నది అప్పటిదాకా ఆయన వాదన. కానీ దిగ్బంధం చేసేది యుద్ధంలో ఉన్న పక్షం మీద. సొంత రేవు అయితే ఉత్త ఆర్డరుతో మూసేయొచ్చు. ప్రకటన వెలువడ్డ నెల తిరక్కుండా బ్రిటన్ తాను తటస్థమని ప్రకటించి, దక్షిణాదిని యుద్ధంలో ఒక పక్షంగా గుర్తించింది. లింకన్‌కు అది ఒళ్లు మండే విషయమే, కానీ నడిసముద్రంలో బ్రిటిష్ ఓడను ఆపే హక్కు కావాలంటే ఆ ధర కట్టక తప్పలేదు.

ఆ దిగ్బంధం దెబ్బ మన గోదావరి ఒడ్డు దాకా తగిలింది, కాకపోతే లాభంగా. అమెరికా పత్తి ఆగిపోయి ఇంగ్లండులో మిల్లులు మూతపడితే, అక్కడి వర్తకుల చూపు ఇండియా పత్తి మీద పడింది. గుంటూరు వైపు నల్లరేగడిలో పండిన పత్తికి గిరాకీ లేచింది. అది కాకినాడ రేవు నుంచి ఎగుమతి కావడంతో మార్కెట్లో ఆ పత్తికి ఊరి పేరే స్థిరపడిపోయింది. కాకినాడ పెద్ద రేవుగా ఎదగడంలో ఆ నాలుగేళ్ల గిరాకీకి వాటా ఉంది. యుద్ధం ముగియగానే ధరలు దిగొచ్చాయి. ఎవరి గుమ్మమో మూస్తే ఇంకెవరి కొట్టో కళకళలాడడం, తెరిస్తే వెలవెలబోవడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ధర ఇంత ఉంది గనకే, తర్వాతి కాలంలో బలమున్నవాళ్లు పని చేస్తారు గానీ పేరు పలకరు. 1948 జూన్‌లో సోవియట్లు పశ్చిమ బెర్లిన్‌కు రోడ్డు, రైలు, కాలువ దారులన్నీ మూసేశారు. కారణం అడిగితే రైలుమార్గంలో సాంకేతిక ఇబ్బందులన్నారు. ఇరవై లక్షల మంది ఉన్న ఊరికి పదకొండు నెలల పాటు సాగిన సాంకేతిక ఇబ్బంది! అమెరికా, బ్రిటన్ విమానాల్లో దాదాపు 23 లక్షల టన్నుల సరుకు మోశాయి. అందులో ఎక్కువ భాగం ఏ మందులో గోధుమలో అనుకుంటాం, నిజానికి బొగ్గు. సోవియట్లు ఆ విమానాలను కూల్చలేదు. కూలిస్తే పేరు పెట్టినట్టే, యుద్ధం మొదలైనట్టే. 1949 మే 12న చప్పుడు చేయకుండా గేట్లు ఎత్తేశారు.

1962 అక్టోబర్‌లో కెనడీది ఇంకో రకం తెలివి. క్యూబాకు సోవియట్ క్షిపణులు చేరకుండా అమెరికా నౌకలు సముద్రంలో కాపు కాశాయి. చూసినవాడెవడైనా దిగ్బంధమే అంటాడు. కెనడీ దానికి క్వారంటైన్ అని పేరు పెట్టాడు. 2020లో మన వీధులకు రేకులు కొట్టి, గుమ్మాలకు స్టిక్కర్లు అంటించాక ఆ మాట మనందరికీ కంఠతా వచ్చింది గానీ, అప్పట్లో యుద్ధ వార్తల్లో అది కొత్త. దిగ్బంధం అంటే యుద్ధచర్య, ఎదుటివాడికి తిరిగి కొట్టే సాకు దొరుకుతుంది. అందుకని ఆయుధాలను మాత్రమే ఆపుతాం, తిండిని, మందులను ఆపం అని గీత గీసి, దానికి మెత్తటి పేరు తగిలించారు. నిజానికి ఆ గీత పని చేసింది కూడా. పేరు మార్చడం ఉత్త మాటల గారడీ అని కొట్టిపారేయను. వెనక్కి తగ్గడానికి ఎదుటివాడికి కాస్త చోటు మిగిలింది.

మన పక్కనే 2015లో నేపాల్ సరిహద్దులో పెట్రోలు, గ్యాస్, మందుల లారీలు నెలల తరబడి ఆగిపోయాయి. నేపాల్ దాన్ని దిగ్బంధం అంది. కాదు, సరిహద్దుకు అవతల, నేపాల్ దక్షిణ మైదానాల్లో ఉండే మధేసీల ఆందోళన వల్లే లారీలు కదలడం లేదని మన ప్రభుత్వం అంది. 2017 జూన్‌లో సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి ఖతార్‌తో తెగతెంపులు చేసుకుని సరిహద్దులు, గగనతలం మూశాయి. ఖతార్ దిగ్బంధం అంది, వాళ్లు బహిష్కరణ అన్నారు. ఇక్కడ చట్టం ప్రకారం వాళ్ల మాటే దగ్గర. తమ తలుపు తాము వేసుకున్నారు గానీ, ఖతార్‌కు వెళ్లే ఇతర దేశాల ఓడలను ఎవరూ సముద్రంలో ఆపలేదు. పాల కొరత రాకుండా ఖతార్ ఏకంగా ఆవులను విమానాల్లో తెప్పించుకుంది. అక్కడ పనిచేసే మనవాళ్లకు మాత్రం మొదటి వారం సూపర్ మార్కెట్లలో కనిపించింది దిగ్బంధమే, దానికి ఏ పేరు పెట్టినా సరే.

ఇలా విడదీస్తూ పోతే ఆంక్షలు వేరే గదిలో పడతాయి. ఆంక్షలంటే నేను నీతో వ్యాపారం చేయను, మావాళ్లనూ చేయనివ్వను అనడం. అది కాగితం, బ్యాంకు, బీమా మీద నడుస్తుంది. దిగ్బంధం ఫిరంగి మీద నడుస్తుంది. ఆంక్షలను అమలు చేయడానికి ఓడలను బలవంతంగా ఆపడం మొదలైన క్షణం గీత చెరిగిపోతుంది. ఐక్యరాజ్యసమితి చార్టర్ కూడా ఈ తేడా పాటించింది. వాణిజ్య సంబంధాలు తెంచడం 41వ అధికరణంలో ఉంది, దిగ్బంధం సైనిక చర్యల వరుసలో 42లో ఉంది. భద్రతామండలి అనుమతి లేకుండా, ఆత్మరక్షణ కారణం లేకుండా ఒక దేశం ఇంకో దేశపు రేవులను దిగ్బంధిస్తే అది దురాక్రమణ కిందికి వస్తుంది. 1974లో సర్వసభ్య సభ ఇచ్చిన నిర్వచనంలో ఆ మాట సూటిగానే ఉంది.

ఎర్ర సముద్రం ఇంకో రకం. 2023 నవంబర్ నుంచి యెమెన్‌లోని హౌతీలు దారిన పోయే ఓడల మీద డ్రోన్లు, క్షిపణులు వేస్తుంటే పెద్ద కంపెనీలు సూయజ్ దారి మానేసి ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర ఒక ఇరుకు మేడమీద ఆఫీసు పెట్టుకున్న క్లియరింగ్ ఏజెంట్ ఒకాయన నాకు తెలుసు, నెల్లూరు వైపు మనిషి. ఒంగోలు గ్రానైట్, రొయ్యలు ఎగుమతి చేసేవాళ్లకు పేపర్లు చూస్తాడు. అప్పట్లో ఆయన టేబుల్ మీద యూరప్ బుకింగులు దొంతర పేరుకుపోయాయి. “అన్నా, దారి మూసింది ఎవురూ లేదు, తెరిచే ఉండాది. పోయేవాడే లేడు” అన్నాడు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత సూటి వివరణ లేదు. ఫ్రైట్ బిల్లులో వార్ రిస్క్ అని ఒక వరస కొత్తగా వచ్చి చేరింది. కంటైనర్ చేరడానికి పది పదిహేను రోజులు అదనం. రాళ్లకు పర్వాలేదు, ఎన్నాళ్లయినా ఆగుతాయి. రొయ్యలకు మాత్రం అన్నాళ్లూ ఫ్రీజర్ కంటైనర్ అద్దె మీటరు తిరుగుతూనే ఉంటుంది. భయంతో మూతపడ్డ దారి, బలంతో మూసిన దారి చట్టానికి వేరు. ఆయన బిల్లుకు రెండూ ఒకటే.

ఇప్పటిదాకా చెప్పినదంతా ఓడల గొడవ. అసలు బరువు ఆకలిది. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ జర్మనీ తీరానికి దగ్గరగా వెళ్లలేదు. మైన్లు, జలాంతర్గాములు వచ్చాక పాత పద్ధతిలో రేవు ముందు నిలబడే రోజులు పోయాయి. దూరంగా ఉత్తర సముద్రం ముఖద్వారాల్లో కాచి, తటస్థ దేశాల ఓడలను సోదా చేసింది. ఆయుధాలతో పాటు పత్తి, ఎరువులు, తిండి కూడా నిషిద్ధ సరుకు జాబితాలోకి చేరిపోయాయి. 1916-17 చలికాలంలో జర్మన్లు బంగాళాదుంపలు కూడా దొరక్క, పశువులకు వేసే టర్నిప్పులతో కడుపు నింపుకున్నారు. 1918 నవంబర్ 11న తుపాకులు ఆగాయి. దిగ్బంధం ఆగలేదు. సంధిపత్రం మీద సంతకం పెట్టించుకునేదాకా, 1919 జులై వరకు ఏదో ఒక రూపంలో సాగింది. నా లెక్కలో ఈ ఎనిమిది నెలలు యుద్ధం చేసిన నాలుగేళ్ల కన్నా సమర్థించుకోవడం కష్టం.

లెనిన్‌గ్రాడ్‌లో 1941 సెప్టెంబర్ 8 నుంచి 1944 జనవరి 27 దాకా 872 రోజులు జర్మన్ సేన ముట్టడి. మొదటి చలికాలంలో ఉద్యోగం లేనివాళ్లకు, పిల్లలకు రోజుకు 125 గ్రాముల రొట్టె. అదైనా పిండిలో సగం పొట్టూ పొల్లూ. లదోగా సరస్సు గడ్డకట్టాక ఆ మంచు మీద లారీలు నడిపి కొంత తిండి తెచ్చారు. లక్షల్లో చనిపోయారు. యుద్ధం తర్వాత, ఆ ముట్టడిలో జర్మన్ సేనాధిపతిగా ఉన్న ఫాన్ లీబ్‌ను న్యూరెంబర్గ్‌లో అమెరికన్ న్యాయమూర్తులు విచారించారు. ఊరిని ఆకలితో మాడ్చినందుకు శిక్ష వేయలేకపోయారు. అప్పటి చట్టం ప్రకారం ముట్టడిలో ఆకలి న్యాయమైన ఆయుధమే, పారిపోయేవాళ్లను వెనక్కి తరమడం కూడా. చట్టం ఇలా ఉండకపోతే బాగుండేదని తీర్పులోనే వాపోయారు. పుదుచ్చేరి మైదానంలో కూట్ వేసుకున్న లెక్కకు 187 ఏళ్ల తర్వాత కూడా చట్టం దగ్గర జవాబు లేదన్నమాట.

జవాబు 1977లో వచ్చింది. జెనీవా ఒప్పందాలకు చేర్చిన మొదటి ప్రొటోకాల్ 54వ అధికరణం పౌరులను ఆకలితో మాడ్చడాన్ని యుద్ధ పద్ధతిగా వాడకూడదంది. 1994లో శాన్ రెమోలో నిపుణులు కూర్చిన సముద్రయుద్ధ నియమాల పుస్తకం దాన్ని దిగ్బంధానికి అన్వయించింది. ప్రకటించాలి, అందరికీ తెలియజేయాలి, నిజంగా అమలు చేయాలి, అన్ని దేశాల ఓడలనూ ఒకేలా చూడాలి. పౌరులను పస్తులు పెట్టడమే దాని ఏకైక ఉద్దేశమైతే అది నిషిద్ధం. పౌరులకు తిండి చాలకపోతే సహాయం పోనివ్వాలి. వినడానికి బాగుంది. చిక్కు ‘ఏకైక’ అన్న మాటలో ఉంది. ఆయుధాలు ఆపడానికే చేశానని అనని దిగ్బంధకుడు లోకంలో లేడు.

గాజా విషయంలో ఈ చిక్కంతా బయటపడింది. 2010 మే 31న సహాయక ఓడల బృందాన్ని ఇజ్రాయెల్ కమాండోలు నడిసముద్రంలో అడ్డుకుని మావీ మర్మరా నౌకలో తొమ్మిది మందిని చంపారు, గాయపడ్డ ఇంకొకరు తర్వాత పోయారు. ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్ వేసిన పామర్ కమిటీ నౌకా దిగ్బంధం చట్టబద్ధమే, వాడిన బలం మాత్రం మితిమీరిందని 2011లో తేల్చింది. అదే సమితి మానవహక్కుల మండలి పంపిన బృందం దిగ్బంధమే చట్టవిరుద్ధమంది. ఒకరు సముద్రపు దారిని విడిగా చూశారు, ఇంకొకరు భూమి దారి, సముద్రపు దారి రెండూ మూసుకుపోయిన మనిషిని చూశారు. నాకు రెండోదే సరైన చూపు అనిపిస్తుంది. పస్తులున్నవాడి కంచంలోకి గింజ ఏ గేటు నుంచి రాలేదని విడగొట్టి లెక్కేస్తే, ఏ గేటూ తప్పు చేయనట్టే తేలుతుంది.

మన దేశమే దిగ్బంధం చేసిన సందర్భం 1971. తూర్పు పాకిస్తాన్‌కు పశ్చిమం నుంచి భారీగా సరుకు రాగలిగేది సముద్రం మీదే. విమానవాహక నౌక విక్రాంత్ బాయిలర్‌లో పగులు ఉండి పూర్తి వేగం అందుకోలేని స్థితి. దాన్ని వేటాడడానికి ఘాజీ అనే జలాంతర్గామిని పాకిస్తాన్ కరాచీ నుంచి పంపింది. విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచి, విశాఖలో ఉన్నట్టు నమ్మించారు. దొంగ వైర్‌లెస్ సందేశాలతో పాటు, పెద్ద నౌక సిబ్బందికి సరిపడా మాంసం, కూరగాయలు విశాఖ బజారులో ఆర్డరు పెట్టారు, వేగుల చెవిన పడాలనే. ఘాజీ విశాఖ ముందే సముద్రంలో మునిగింది. డిసెంబర్ 4 నుంచి విక్రాంత్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద పడ్డాయి, రేవులు మూతపడ్డాయి. 16న ఢాకాలో లొంగిపోయిన సేన ముందు సముద్రం ఉంది, ఎక్కడానికి ఓడ లేదు. అదే ఏడాది మన పార్లమెంటు యుద్ధంలో పట్టుకున్న ఓడలు, విమానాల సంగతి తేల్చే ప్రైజ్ చట్టం కూడా చేసింది. దిగ్బంధానికి ఫిరంగి ఎంత అవసరమో కోర్టు కాగితం అంతే అవసరం మరి.

రోజువారీ మాటల్లోకి వస్తే లోకం తలకిందులు. సహస్రనామ పారాయణకు ముందు న్యాసంలో ‘భూర్భువస్సువరోమితి దిగ్బంధః’ అని తల చుట్టూ చిటిక వేస్తాం. దిక్కులన్నీ కట్టేస్తే జపం చేసుకునేవాడి దగ్గరికి ఏ పీడా రాదని. జపం అయ్యాక దిగ్విమోకం చెప్పి విప్పేస్తాం కూడా. ఇక్కడ కట్టేది లోపలివాడు, తన రక్షణ కోసం, కాసేపటికి. పేపర్లో కనిపించే దిగ్బంధంలో కట్టేది బయటివాడు.

ఇక జలదిగ్బంధం. గోదావరి పొంగినప్పుడల్లా లంక గ్రామాలకు పడే హెడ్డింగ్. 2015 డిసెంబర్‌లో చెన్నైకీ పడింది. విమానాశ్రయం రోజుల తరబడి మూతపడి, అరక్కోణం నౌకాదళ స్థావరం నుంచి విమానాలు నడిపారు. అర లీటరు పాల ప్యాకెట్ వంద రూపాయలకు అమ్మినవాళ్లున్నారు. నీళ్లకు శత్రువు లేడు, ప్రకటన లేదు, అయినా ఈ వాడుకతో నాకు పేచీ లేదు. వేళచ్చేరి, ముడిచూరుల్లో రెండో అంతస్తులో ఇరుక్కున్నవాళ్లకు జరిగింది అచ్చంగా అదే. దారి పోయింది, సరుకు ఆగింది, ధర లేచింది, కరెంటు లేక ఫోన్లు చచ్చిపోయి వార్త తెగింది. ఆ మాట అక్కడ నిజమైన బరువుతోనే ఉంది.

బరువు లేనిది రాజకీయ నాయకుడి నోట్లో. రోడ్డు మీద టెంటు వేసి, టీవీ కెమెరాలు వచ్చేదాకా కూర్చుని, మధ్యాహ్నం భోజనాల వేళకు లేచిపోయే కార్యక్రమాన్ని జాతీయ రహదారుల దిగ్బంధం అంటారు. అది రాస్తారోకో. పాత పేరే దానికి చాలు. యుద్ధం చేసే ప్రభుత్వాలు ఆ మాటకు భయపడి పారిపోతుంటే, రెండు గంటలు ట్రాఫిక్ ఆపినవాళ్లు ఏరికోరి తగిలించుకుంటారు. అలాగని దేశం లోపల నిజమైన దిగ్బంధాలు లేవని కాదు. 2011లో మణిపూర్‌లో, కొత్త జిల్లా కోసం జరిగిన ఆందోళనలో ఇంఫాల్ లోయకు వచ్చే జాతీయ రహదారులు వంద రోజులకు పైగా మూతపడ్డాయి. పెట్రోలు కోసం రోజుల తరబడి క్యూలు, గ్యాస్ బండ బ్లాకులో వెయ్యి దాటింది, ఆస్పత్రులకు ఆక్సిజన్ కటకట. కొండల మధ్య లోయ, వచ్చేవి గుప్పెడు దారులు. ఓడలు లేవు, సేన లేదు గానీ, దావూద్ ఖాన్ మద్రాసుకు చేసిందానికి దీనికి పెద్ద తేడా లేదు.

మన చట్టం ఈ రెంటినీ ఒకే గాటన కడుతుంది. రోడ్డు మీద రాకపోకలకు అడ్డుపడితే భారతీయ న్యాయ సంహిత 285 కింద అయిదు వేల దాకా జరిమానా. రైలు ముందు బైఠాయిస్తే రైల్వే చట్టం 174 కింద రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. ఢిల్లీ షహీన్‌బాగ్‌లో రోడ్డు మీద సాగిన నిరసన కేసులో 2020 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు, నిరసన హక్కే గానీ బాటను నిరవధికంగా ఆక్రమించడం హక్కు కాదంది. రెండు గంటల టెంటుకు, వంద రోజుల లోయకు వర్తించేవి చాలావరకు ఇవే సెక్షన్లు. సముద్రంలో శత్రుదేశపు పౌరులకు తిండి, మందులు పోనివ్వాలని దిగ్బంధకుడికి కనీసం ఒక నియమం రాసి ఉంది. సొంత ఊళ్లో రోడ్డు మూసేవాడికి అంబులెన్సును వదలమని విడిగా చెప్పే సెక్షన్ ఏదీ నా కంట పడలేదు. కాబట్టి అది ఆ పూట టెంటు ముందు నిలబడ్డ కార్యకర్త దయ, అక్కడున్న ఎస్సై సమర్థత మీద నడుస్తోంది.